కల్తీ మాట

పట్టపుపాళెం, చిట్టమూరు మండలం
జూన్ 8

శ్రీ ఓబులేసు గారికి,

'గారు' చూసి ఉలిక్కిపడకండి. లారీ ఎక్కిన రోజు నుంచి మిమ్మల్ని 'అన్నా' అన్న నోరే ఇది. అన్న అనిపించుకునే పని మీరు చేయలేదు కాబట్టి గారు.

ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటారు. మొన్న చేశాను. మీరు అరిచారు, నేనూ అరిచాను, నా మాట పూర్తికాకముందే మీరు కట్ చేశారు. ఉత్తరాన్ని మధ్యలో కట్ చేయలేరు. చించెయ్యొచ్చు. కానీ అందులో ఏముందో తెలుసుకోకుండా చించే మనిషి కాదు మీరు, నాకు తెలుసు.

జరిగింది నేను విన్నట్టే రాస్తాను, తప్పుంటే దిద్దండి. మీ కారుకు మా వినోద్ సర్వీసింగ్ చేశాడు. తర్వాత ఒకరోజు మీరు బుచ్చిరెడ్డిపాలెంలో వాడి షెడ్డు ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చుని వాడికి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టారు. "ఏం ఆయిల్ పోసినావురా?" అని అడిగారు. "సింథటిక్ పెదనాయనా" అన్నాడు వాడు, మెచ్చుకుంటారనుకుని. దానికి మీ జవాబు: "ఓరి నీ పాసుగాల! నా బండికి కల్తీ నూనె పోసినావంటరా దొంగ నాయాలా!"

టీ అంగడి మొత్తం విన్నది. సుకుమార్ కూడా విన్నాడు. బాడుగ కార్లు తిప్పే సుకుమారే. వాడి బండ్లన్నీ వినోద్ దగ్గరే బాగుచేయించేవాడు. మర్నాటి నుంచి ఒక్కటీ రాలేదు. వాడు చెప్పుకున్నాడు, విన్నవాళ్ళు మరో నలుగురికి చెప్పుకున్నారు. ఇప్పుడు పక్క ఊరు సంగంలో కూడా "ఆ కల్తీ నూనె మెకానిక్కా?" అంటున్నారట. ఇదంతా వినోద్ నాకు చెప్పలేదు. కోడలు సుభాషిణి చెప్పింది, ఏడుస్తూ.

ఒకే లారీకి మనిద్దరం డ్రైవర్లం. మద్రాసుకు బియ్యం లోడు తీసుకుపోయేటప్పుడు స్టీరింగ్ మీ చేతిలో పెట్టి నేను వెనక నిద్రపోయేవాణ్ణి. నిద్ర పట్టక పొర్లిన రాత్రి ఒక్కటి కూడా లేదు. అంత నమ్మినవాడి కొడుకును నడిబజార్లో దొంగ అంటారా? నోరెలా వచ్చిందండీ మీకు?

ఆ మాట ఎక్కడ అన్నారో అక్కడే, అంతమంది ముందరే వెనక్కి తీసుకోండి. అంతవరకు మీకూ నాకూ ఏమీ లేదు.

మాలకొండయ్య

*

బుచ్చిరెడ్డిపాలెం
జూన్ 15

మాలకొండయ్యకు,

నీ 'గారు' నీ దగ్గరే ఉంచుకో. ఉప్పు చేపల మీద చల్లుకో.

నేనన్న మాటలో తప్పేముంది? నాకు ఇంగ్లీషు రాకపోవచ్చు, సింథటిక్ అంటే ఏమిటో ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లోడికి కూడా తెలుసు. సింథటిక్ పాలంటే ఏమిటి? ఏదో పొడి, ఏదో సబ్బు కలిపి తెల్లగా చేసిన విషం. సింథటిక్ కల్లంటే ఏమిటి? చెట్టు మొహం చూడని కల్లు. మా ఆవిడ వెంకటశేషమ్మకు పట్టు అని చెప్పి ఒకడు సింథటిక్ చీర అంటగడితే నేను ఆ అంగడి ముందు చేసిన రభస నువ్వూ చూశావు, నా పక్కన నిలబడి నువ్వూ తిట్టావు. పాలు కల్తీ, కల్లు కల్తీ, చీర కల్తీ. ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే మాట అమృతమైపోయిందా?

మాట వదిలెయ్యి. నా చేతులు అబద్ధం చెబుతాయా? డిప్‌స్టిక్ లాగి ఆయిల్ వేళ్ళ మధ్య రుద్ది చూశాను. నీళ్ళు! మన లారీకి పోసిన ఆయిల్ గుర్తుందా? వేలికి అంటుకుంటే పాకంలా సాగేది. ఇదేమో వేలిమీద నిలవనే నిలవదు, జారిపోతుంది. ఇన్నేళ్ళు స్టీరింగ్ పట్టినవాడికి చిక్కదనం తెలియదా?

ఇంకా విను. అది పోసిన నాటి నుంచి బండి కారుతోంది. అంతకుముందు ఒక్క చుక్క కారి ఎరగదు. పొద్దున్నే వెంకటశేషమ్మ వాకిట్లో ముగ్గు వేస్తే దాని నడిమధ్యన నల్లటి మరక. "నీ కారుకు కూడా ముగ్గు తొక్కే బుద్ధి పట్టిందా" అని ఆమె నన్ను కడిగేస్తోంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి, వాడు నన్ను అడిగాడా? బండి నాది, ఇంజను నాది. పెదనాయనా, ఇది పోస్తున్నా అని ఒక్క మాట అంటే వాడి నోటి ముత్యాలు రాలిపోతాయా? ఆ షెడ్డు వాడికి ఇప్పించింది ఎవరు? ఊరూ పేరూ తెలియని పిల్లవాడికి ఇవ్వనని విజయభాస్కర్ మొండికేస్తే, నా పూచీ మీద ఇవ్వమని బతిమాలింది నేను కాదా? వాడికి ఈ ఊళ్ళో పేరు తెచ్చింది నేను. ఆ పేరు చెడగొట్టుకుంది వాడు.

నేను ఏ మాటా వెనక్కి తీసుకోను.

ఓబులేసు

*

పట్టపుపాళెం
జూన్ 27

ఓబులేసు గారికి,

మీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. రెండోసారి నాకు ఇంకా ఎక్కువ మండింది. మీకు... ఛీ, ఈ 'మీరు' రాయడం నా వల్ల కాదు. నువ్వు అనే తిడతాను, తిట్టు సులువుగా వస్తుంది.

సింథటిక్ అంటే దొంగదా? మా నాయన నూలు వలతో వేటకు పోయేవాడు. తడిస్తే ఇద్దరు మనుషులు లాగాలి, ఒకపూట ఎండబెట్టకపోతే కుళ్ళిపోయేది. నైలాన్ వల వచ్చినప్పుడు మా పెద్దకాపు దాన్ని దొంగ వల అన్నాడు, గంగమ్మ ఒప్పదన్నాడు. దాన్ని ముట్టకూడదని దురాయి కూడా వేశాడు. మా పాళెంలో దురాయి అంటే పెద్దకాపు పదిమందిలో వేసే కట్టడి. ఒకసారి వేశాడంటే మనిషైనా వస్తువైనా వెలి. తర్వాత ఏమైంది? ఆయనే పదిమందిని పిలిచి ఆ దురాయి తీసేశాడు. ఇవాళ ఈ తీరం పొడుగునా నడిచి నాకొక్క నూలు వల చూపించు. మరి మేం తెస్తున్నవి కల్తీ చేపలా? ఎన్నేళ్ళుగా పులుసు చేయించుకుని తింటున్నావు?

అసలు నీ నోట్లో ఆ కట్టుడు పళ్ళు ఎక్కడివి? వాటితో పుట్టావా? ఆ పళ్ళతోనే కదా నా కొడుకును కల్తీ అన్నావు!

నీ కారు కారుతోందన్న సంగతి వినోద్‌ని అడిగాను. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ఆ ఇంజన్లో ఏండ్ల తరబడి మడ్డి పేరుకోనుండాది నాయనా. ఆయిలు కారకుండా ఆపే రబ్బరు సీలు ఎప్పుడో గట్టిపడి పగిలిపోయింది. మడ్డే అడ్డంపడి ఆ పగులును మూసిపెట్టింది. ఈ ఆయిలు మడ్డిని కడిగేసింది, పగులు బయటపడింది. కొత్త సీలు ఏస్తే ఆగిపోతాది. పాత బండికి ఇట్టా అవుతాదేమోనని నేను ముందే చూసుకోవాల్సింది, చూసుకోలేదు. ఆ తప్పు నాదే." పల్చగా ఉందన్నావే, అది పల్చగానే ఉంటుందట. పొద్దున బండి తీయగానే ఇంజను నాలుగు మూలలకూ పరుగెత్తాలంటే పల్చగా ఉండాలట. మామూలు ఆయిల్ కన్నా రెండింతల దూరం వస్తుందట.

తన తప్పు ఎంతవరకో అంతవరకు వాడు ఒప్పుకున్నాడు చూశావా? నీకు వాడిలో పావు వంతు ఉన్నా చాలు.

నువ్వు బుచ్చిలో నా కొడుకు మీద దురాయి వేశావు. షెడ్డులో ఈగలు తోలుకుంటున్నాడు. దసరా దాకా చూస్తాడట. అప్పటికీ బేరాలు రాకపోతే షెడ్డు ఖాళీ చేసి మద్రాసులో ఏదో కంపెనీ సర్వీస్ సెంటర్లో కూలికి చేరతాడట. తన షెడ్డుకు తానే యజమానిగా బతికినవాడు ఒకడి కింద గంటలు లెక్కపెట్టుకుంటూ పనిచేయాలి. నీ నోటి దూలకు!

వేసినవాడే తీయాలి. పో, తీసెయ్యి.

మాలకొండయ్య

*

బుచ్చిరెడ్డిపాలెం
జూలై 19

మాలకొండయ్యా,

ఇంతకాలం జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. రాయడానికి ముందు చేయాల్సిన పని ఒకటి చేశాను. అది బెడిసికొట్టింది. ఇప్పుడు నాకు నీమీద కోపం లేదు, ఈ ఊరి మీద ఉంది.

మా వినీలను ఫోన్లో అడిగాను. నా కూతురు పకపకా నవ్వింది. "సింథటిక్ అంటే నకిలీ కాదు నాయనా, ఫ్యాక్టరీలో శుద్ధిగా తయారుచేసింది అని. మామూలు దానికన్నా మంచిది" అంది. అంత నవ్వాల్సిన పనేముందో నాకు అర్థం కాలేదు. సరే, నాకు తెలియలేదు. తెలియకపోవడం నేరమా?

వినోద్ ఇంటికి వచ్చి కొత్త సీలు వేసిపోయాడు. కారడం ఆగిపోయింది. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. పోతూ "వస్తాను సార్" అన్నాడు. సార్! వాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని లారీ చుట్టూ తిప్పినవాణ్ణి. ఆ మాట నాకు ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది.

మర్నాడు టీ అంగడికి పోయాను. బెంచీ మీద నిలబడ్డాననుకో. "ఇనండయ్యా, సింథటిక్ ఆయిలంటే కల్తీ కాదంట, నేను తెలవక అన్నా, వినోద్ మంచోడు" అని గట్టిగా చెప్పాను. సుకుమార్ గ్లాసు కింద పెట్టి "ఎంత ముట్టిందన్నా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు! ఇంకొకడు "మాలకొండయ్య రొయ్యలు పంపించుంటాడులే" అన్నాడు. మాలకొండా, నా ఒళ్ళు మండిపోయింది. నేను దొంగ అన్నప్పుడు సాక్ష్యం అడిగినవాడు ఒక్కడు లేడు. మంచోడు అంటే మాత్రం లంచం తిన్నానంటారా? చెడ్డ మాటకు రెక్కలు, మంచి మాటకు కుంటికాళ్ళు! మీ పాళెంలో వేసినవాడు తీస్తే దురాయి తీరిపోతుందేమో. బుచ్చిలో తీరదు.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. గొడవంతా ఆ సింథటిక్ అనే మాటతోనే కదా. వినోద్ దగ్గరికి పోయి "ఆ పేరు తీసెయ్యరా. బోర్డు మీద 'స్పెషల్ ఆయిల్' అని రాయించు, ఎవురికీ తెలవదు" అని చెప్పాను. పెయింటు డబ్బులు కూడా నేనే ఇస్తానన్నాను. వాడు చేతులు తుడుచుకుంటూ నావైపు చూశాడు. "పోసేదొకటి, చెప్పేదొకటి అయితే దాన్నే కదా సార్ కల్తీ అనేది" అన్నాడు.

ఎంత పొగరు చూడు నీ కొడుక్కి. మంచి చెప్పబోతే మొహం మీద కొట్టాడు.

నేనింకేం చేయాలో నువ్వే చెప్పు. చెప్పడం నీకు బాగా వచ్చు కదా.

ఓబులేసు

*

పట్టపుపాళెం
ఆగస్టు 6

ఓబులేసన్నా,

అన్నా అని రాశానని ఎగిరి గంతెయ్యకు. బెంచీ ఎక్కినందుకు అంతమాత్రం.

పొగరా అది? దాన్ని పొగరంటావా? తిండికి ఇబ్బంది వచ్చినా పేరు మార్చి అమ్మనన్నాడే, వాణ్ణి చూసి నేను మీసం తిప్పుకున్నాను ఇక్కడ. బోర్డు మార్చమని చెప్పడానికి నీకు సిగ్గు లేదా? నీకు సింథటిక్ చీర అంటగట్టినవాడు చేసింది అదే కదా, పేరు మార్చడం! వాడి అంగడి ముందు రభస చేసినవాడివి, ఇప్పుడు నా కొడుకు చేత అదే పని చేయిస్తావా?

ఇక నీ ప్రశ్నకు జవాబు. మీ ఊరివాళ్ళు నీ మాట నమ్మరు. నేనైనా నమ్మను, నువ్వు నోరు తెరిస్తే అరుపే తప్ప మాట రాదు. కానీ నా భార్య అంకాలమ్మ గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి, ఆమె ఒక మాట అంది. "చెడిపోయిన చేప అమ్మినదాని గంప కాడికి ఎవురన్నా రెండోసారి వస్తారా? వచ్చినారంటే ఆ చేప మంచిదనే కదా లెక్క." విన్నావా? నువ్వు చెప్పొద్దు. మళ్ళీ ఆయిల్ మార్చే వేళకు అదే షెడ్డుకు పో. అదే ఆయిల్ నీ నోటితో అడిగి పోయించుకో, అందరూ చూస్తుండగా. మోసపోయినవాడు మళ్ళీ అదే గడప తొక్కడని సుకుమార్‌కు కూడా తెలుసు.

నువ్వు బండి ఎంత తిప్పుతావో నాకు తెలియదు. దసరా లోపల ఆ వేళ రావాలి. ఆ తర్వాత వాడు ఉండడు.

మాలకొండయ్య

*

బుచ్చిరెడ్డిపాలెం
సెప్టెంబర్ 20

ఒరే మాలకొండా,

నువ్వా! నువ్వట్రా!

ఆగు, మొదటి నుంచి రాస్తాను.

అంకాలమ్మ మాట నాకు నచ్చింది. ఐదువేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చడం మన అలవాటు. ఇంట్లో పడుకున్న బండి ఐదువేలు ఎప్పటికి తిరుగుతుంది? కాబట్టి తిప్పాను. అడిగినవాణ్ణీ అడగనివాణ్ణీ ఎక్కించుకున్నాను. ఎవరికి కడుపునొప్పి వచ్చినా నెల్లూరు ఆసుపత్రికి నేనే. ఎవరింట్లో పెళ్ళి మాటలున్నా పెద్దమనుషుల్ని నేనే తీసుకుపోయాను. ఏ పనీ లేకపోతే సంగం బ్యారేజీ దాకా పోయి పెన్నలో నీళ్ళు చూసి తిరిగొచ్చాను. వెంకటశేషమ్మ "నీకేమన్నా గాలి సోకిందా" అంది. పెట్రోలు బంకు వాడు నన్ను చూస్తే లేచి నిలబడుతున్నాడు. ఎవరికోసం? నీ కొడుకు కోసం. నువ్వు రాసిన తిట్లు భరిస్తూ!

నిన్న సుభాషిణిని ఆమె పుట్టింటి నుంచి తీసుకొచ్చాను, ఆ అమ్మాయినీ ఎక్కించుకున్నాను మరి. దారిలో మాటల్లో అన్నాను, "అంతా బాగానే ఉందమ్మా, కానీ వాడు నన్ను అడక్కుండా పోసినాడే, అదొక్కటే నాకు మింగుడు పడలా" అని. ఆ పిల్ల తట్టుకోలేక అనేసింది. "ఆయన అడగతాననే అన్నాడు పెదమామా. మా మామే ఒద్దన్నాడు. 'మా అన్నను అడగబాక, అడిగితే ఖర్చని ఒద్దంటాడు, మంచిదే పొయ్యి, ఊరికే చెప్పబాక' అని ఫోన్లో చెప్పినాడు. ఇప్పుడా సంగతి మీకు చెప్పబాకని మమ్మల్ని ఒట్టేయించుకున్నాడు."

బండి రోడ్డు పక్కన ఆపేశాను. తోలలేకపోయాను.

నన్ను అడగొద్దని చెప్పింది నువ్వు. అడగలేదని నేను తిట్టింది వాణ్ణి. "అడిగాడా" అని నేను నీకే రాశాను, నీకే! ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని, నీ కొడుకు చేయని తప్పు వాడి నెత్తిన ఉంటే చూస్తూ, నాకు నీతులు రాశావు. నైలాన్ వలలు రాశావు, నా పళ్ళు రాశావు! అసలు సంగతి ఒక్క ముక్క రాశావా? వాడు ఇంటికొచ్చి సీలు వేసేటప్పుడు కూడా నోరు విప్పలేదు. నన్ను సార్ అన్నాడు కానీ నిన్ను బయటపెట్టలేదు. ఇలాంటి కొడుకును కన్న అదృష్టం నీలాంటి తొండి మనిషికి ఎలా పట్టిందిరా?

నాకు జవాబు రాయకు. రాస్తే చించేస్తాను. చదవకుండానే.

ఓబులేసు

*

పట్టపుపాళెం
సెప్టెంబర్ 28

అన్నా,

చదువుతావు. నాకు తెలుసు.

అవును, నేనే చెప్పాను. ఏం, చెప్పకూడదా? ఏప్రిల్లో నా కంటి ఆపరేషన్‌కు నువ్వే నన్ను నెల్లూరు తీసుకుపోయావు. కంటికి కట్టు, ఏమీ కనబడదు. దారిపొడుగునా నీ ఇంజను మూలుగే విన్నాను. ఆ ఇంజను పోతే నువ్వు ఇంకో బండి కొనవని తెలుసు, బండి లేకపోతే నువ్వు నాలుగు గోడల మధ్య ఎండిపోతావనీ తెలుసు. అడిగితే "ఎందుకురా అంత ఖర్చు, మామూలుది చాల్లే" అంటావు. లారీలో నా టీలో చక్కెర తగ్గించమని అంగడివాడికి చాటుగా చెప్పేవాడివే, అప్పుడు నన్ను అడిగావా?

మొదటి ఉత్తరంలోనే రాసి ఉండాల్సింది. రాయలేదు. నువ్వు వాణ్ణి దొంగ అన్న కోపంలో, నా వంతు రాస్తే నీకు బలం వస్తుందనిపించింది. ఆ తర్వాత ఎలా రాయాలో తెలియలేదు. ఇంతకన్నా ఏమీ చెప్పను. నీ కోపం నీకు ఉండనీ.

ఒక్కటి మాత్రం విను. వినోద్ సామాను సర్దుతున్నాడు. విజయభాస్కర్‌కు షెడ్డు వదిలేస్తానని చెప్పేశాడట. మద్రాసువాళ్ళు పండగ కాగానే రమ్మన్నారట. నామీద కోపం వాడి మీద చూపించకు. ఐదువేలు తిరిగి ఉంటే, పో.

మాలకొండయ్య

*

బుచ్చిరెడ్డిపాలెం
అక్టోబర్ 16

మాలకొండా,

ఈ ఉత్తరంలో నేను తిట్టబోయేది నీ కొడుకును. సిద్ధంగా ఉండు.

ఇవాళ్టికి దసరాకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆయుధపూజకు ప్రతివాడూ బండి బాగుచేయించుకునే వేళ. ఊళ్ళో అన్ని షెడ్లూ కిటకిట, వినోద్ షెడ్డు ఒక్కటే బోసి. టీ అంగడి నిండుగా ఉన్న సమయం చూసుకుని పోయాను. షెడ్డు ముందు బండి ఆపి హారన్ మీద చేయి పెట్టి తీయలేదు. అందరూ తలలు తిప్పారు. సుకుమార్ కూడా ఉన్నాడు. నేను దిగి, నీకు తెలుసు కదా నా గొంతు, "వినోదూ! ఆయిల్ మార్చాల! సింథటిక్కే పొయ్యి! నేనే అడగతా ఉండా, నా నోటితో!" అని కేకపెట్టాను.

వాడు లోపల పానాలు పెట్టెలో సర్దుకుంటున్నాడు. బయటికొచ్చి మీటరు చూశాడు. బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ లాగి తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు. వేళ్ళ మధ్య రుద్దాడు. అచ్చం మనం రుద్దినట్టే.

"ఇంకా సగం దూరం వస్తాది సార్ ఇది. ఇప్పుడు మార్చే పనిలేదు" అన్నాడు.

"నేను మార్చమంటా ఉండా కదరా."

"నేను మార్చను సార్. మంచి ఆయిల్ పారబోసి మళ్ళా మంచి ఆయిల్ పోస్తే మీకు దండగ. శివరాత్రి దాటినాక రండి."

ఇన్ని నెలలు తిరిగిన తిరుగుడంతా ఈ ఒక్క పనికోసం. దగ్గరికి పోయి చెవిలో చెప్పాను: "ఒరే, నీ కోసమేరా. అందరూ చూస్తా ఉండారు. పోసినట్టన్నా చెయ్యి." వాడు గొంతు తగ్గించకుండానే "పోయకుండా పోసినట్టు చేసే పని నాకు రాదు సార్" అని బానెట్ మూసేశాడు.

అంతే, నాకు తిక్కరేగింది. నాటకం కాదు మాలకొండా, నీమీద ఒట్టు, నిజంగానే రేగింది. రోడ్డు మధ్యకొచ్చి నిలబడ్డాను. "చూడండయ్యా ఈ అన్యాయం! డబ్బులు చేతిలో పట్టుకోని అడగతా ఉంటే పోయనంటాడు! అవసరం లేదంట! శివరాత్రికి రావాలంట! బేరం గడపలోకొచ్చి నిలబడితే పొమ్మనే మెకానిక్కును యాడన్నా చూసినారా? వీడు బాగుపడతాడా అసలు? వీడికి యాపారం చేసే మొహముండాదా?" ఇంకా చాలా అన్నాను. రాయలేను, వెంకటశేషమ్మ పక్కనే ఉంది.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగాను. సుకుమార్ టీ గ్లాసు పట్టుకునే రోడ్డు దాటి వచ్చాడు. నా వైపు చూడనే లేదు. వినోద్ ముందు నిలబడి "నిజంగానే మార్చే పన్లేదా?" అన్నాడు.

"లేదు."

"నాకు ఇంకోచోట ప్రతిసారీ వేళకు ముందే మార్చేస్తా ఉండారే. అడిగితే నలుపు తిరిగిందంటారు."

"నలుపు తిరిగితే చెడినట్టు కాదన్నా. బండి తీసుకురా, చూసి చెప్తా."

సుకుమార్ పోయి బండి తెచ్చాడు. దాని వెనకే టీ అంగట్లోంచి మరొకడు. నేను రొయ్యలు తిన్నానన్నవాడు ఉన్నాడే, వాడు స్కూటరు తోసుకుంటూ వచ్చాడు. స్కూటరు! సాయంత్రానికి వరస మలుపు దాకా పోయింది. వినోద్ ఒక్కొక్కటీ చూస్తున్నాడు, కొన్నింటికి పోస్తున్నాడు, కొన్నింటిని పొమ్మంటున్నాడు. పొమ్మన్నవాళ్ళు నవ్వుకుంటూ పోతున్నారు. నేను పోసిన పెట్రోలు ఎవడు చూశాడు? నేను చెప్పిన నిజం ఎవడు విన్నాడు? నా తిట్టే పనికొచ్చింది! ఏం ఊరయ్యా ఇది!

ఇంత చేసినా నా బండికి ఆయిల్ మార్చలేదు. పైగా దారికి అడ్డంగా ఉంది, పక్కకు తీయమన్నాడు. ఇంకా సార్ అనే అంటున్నాడు. అననీ. నేనన్న మాటకు ఆమాత్రం ఉండాల్సిందే.

విజయభాస్కర్ కూడా వచ్చి చూసిపోయాడు. వినోద్ షెడ్డు ఖాళీ చేయడం లేదు. మద్రాసుకు ఫోన్ చేసి రానని చెప్పేశాడు, నా ముందే చెప్పాడు. సర్దిన పానాలన్నీ సుభాషిణి మళ్ళీ గోడకు తగిలించింది.

నీకు వెంటనే ఫోన్ చేయబోయాడు. నేను చేయి పట్టుకుని ఆపాను. "నాలుగు రోజులు ఆగరా. ఆ పాడు మాట నా నోట్లోంచే మీ నాయన దాకా పోయింది. ఇది కూడా నేనే చెప్తా" అన్నాను. వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నాలుగు రోజులుగా ఆపుకుని ఉంటాడు పాపం, పండగ పూట కూడా నోరు విప్పి ఉండడు.

ఇది చదవడం కాగానే వాడికి ఫోన్ చెయ్యి. నాకు చెయ్యకు. నాకింకా కోపంగానే ఉంది.

నీ అన్న,
ఓబులేసు